చర్చి పన్ను వద్దన్న భక్తులు

లౌకిక రాజ్యమంటే మనిషి దేవుణ్ణి వెనక వదిలేసి ఒక మెట్టు పైకెక్కడమేనని మన సంజామల, ఆళ్లగడ్డ వైపు చాలామంది అనుకుంటారు. కొందరికి అదే దాని గొప్ప, కొందరికి అదే కంటగింపు. నేను స్థిరపడిన అమెరికా చరిత్ర ముందు ఆ రెండు లెక్కలూ నిలవవు. మతాన్నీ ప్రభుత్వాన్నీ విడదీయమని ఇక్కడ గట్టిగా పట్టుబట్టినవాళ్లలో బాప్టిస్టులనే క్రైస్తవ శాఖవాళ్లు ముందువరసలో ఉన్నారు. వాళ్లు పరమ భక్తులు. అమెరికా స్వాతంత్ర్యానికి ముందు వర్జీనియాలో ఆంగ్లికన్ చర్చి సర్కారు చర్చి. అందులో అడుగుపెట్టనివాడు కూడా దాని పాదిరీల జీతానికి పన్ను కట్టాలి. అనుమతి లేకుండా వాక్యం చెప్పిన బాప్టిస్టు బోధకులను జైల్లో వేశారు. 1774లో వర్జీనియావాడే అయిన జేమ్స్ మాడిసన్ ఆ సంగతి బాధపడుతూ స్నేహితుడికి రాశాడు. పదేళ్లకు అక్కడి నాయకుడు పాట్రిక్ హెన్రీ, ఎవరి పన్ను వాళ్లకు నచ్చిన చర్చికే చేరేలా ఒక బిల్లు తలపెట్టాడు. వినడానికి ఎంతో ఉదారమైన ఆ ఏర్పాటునూ బాప్టిస్టులు కాదన్నారు. బోధకుణ్ణి పోషించాల్సింది విశ్వాసులే, పన్ను వసూలుదారుకు అక్కడేం పనని వాళ్ల వాదం. బిల్లు వీగిపోయింది; 1786లో జెఫర్సన్ రాసిన మతస్వేచ్ఛా చట్టం వచ్చింది. మసాచుసెట్స్ మాత్రం 1833 దాకా చర్చి పన్ను వదల్లేదు. పన్ను పోయినచోట చర్చీలు మూతపడలేదు, బాప్టిస్టులు, మెథడిస్టులు ఇంకా పెరిగారు. 1976లో పిట్స్‌బర్గ్ దగ్గర మన వేంకటేశ్వరస్వామికి గుడి కట్టుకోగలిగిందీ ఆ స్వేచ్ఛ వల్లనే.

మన వైపు అహోబిలం మఠం కోర్టులో అడిగింది కూడా దాదాపు ఇదే: మా గుడి నిర్వహణలో సర్కారు చెయ్యి పెట్టొద్దని. అక్కడి ఆలయానికి రాష్ట్ర ప్రభుత్వం కార్యనిర్వహణాధికారిని (ఈవోను) వేస్తే, గుడి మఠంలో భాగం, ఆ అధికారం మీకు లేదని 2022లో హైకోర్టు చెప్పింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ప్రభుత్వ అప్పీలును తోసిపుచ్చింది.

సర్కారు తప్పుకుంటే, గడప బయటే నిలబెట్టిన కులాలవాళ్ల గతేమిటని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. 1947 నాటి మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం లేకుండా అప్పటి మన కర్నూలు జిల్లా గుళ్ల తలుపులు వాటంతటవే తెరుచుకునేవని నేను నమ్మను. అమెరికాలోనూ అంతే: ఒకప్పుడు స్వేచ్ఛ కోసం జైలుకెళ్లిన బాప్టిస్టుల్లోనే దక్షిణాదివాళ్లు 1845లో బానిసల యజమానుల పక్షాన వేరుపడ్డారు. బానిసత్వం పోవడానికి యుద్ధం, 1865 నాటి రాజ్యాంగ సవరణ కావలసివచ్చాయి. కాబట్టి మనిషి హక్కు దగ్గర చట్టం గుడిలోకి రావాల్సిందే. పూజ దగ్గర, పీఠం దగ్గర ఆగాల్సిందే. లౌకికత మతాన్ని మించిన మెట్టని నేననను, రాజే మతానికి పెద్దగా కూర్చున్న కాలంకంటే మాత్రం కచ్చితంగా పైమెట్టు. రేపు ఏ పార్టీ అయినా మీ గుడికో మసీదుకో చర్చికో సర్కారు సొమ్ము ఇస్తామని వస్తే, దాని వెంట ఎవరి పెత్తనం లోపలికొస్తుందో ముందు అడగండి.