పతకం వచ్చాకనే పత్రిక వస్తుందా?

దిల్‌సుఖ్‌నగర్‌లో 'పోటీ' అంటే పోటీ పరీక్షలే. హాస్టళ్లలో ఉండి గ్రూప్స్‌కి చదివే ఆడపిల్లలే ఎటుచూసినా. ఎల్బీనగర్ దారిలో సరూర్‌నగర్ స్టేడియం ఉంది. మనం ఆ పేరు పత్రికల్లో చదివింది ఎక్కువగా రాజకీయ సభల వార్తల్లోనే. 2023 మే 8న కాంగ్రెస్ యువ డిక్లరేషన్ సభ జరిగిందీ అక్కడే. మరి అక్కడ ఆడే పిల్లల సంగతి?

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి 1994, 1995లలోనే ప్రపంచ ఛాంపియన్. ఇంటింటా ఆమె పేరు వినబడింది మాత్రం 2000లో, సిడ్నీలో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చాకే. వరంగల్ జిల్లా కల్లెడ కూలి ఇంటి బిడ్డ జీవంజి దీప్తిని మందబుద్ధని వెక్కిరించిన్రు. 2024లో పారిస్ పారాలింపిక్స్ కాంస్యం తర్వాతే ఆమె కథ అందరికీ కావాల్సొచ్చింది.

గెలుపు కూడా కులాన్ని మాపదు. టోక్యోలో హ్యాట్రిక్ కొట్టిన దళిత హాకీ క్రీడాకారిణి వందనా కటారియా ఇంటి ముందు, 2021 ఆగస్టులో జట్టు సెమీస్ ఓడగానే, కులం పేరుతో తిట్టిన్రు. పత్రికలు రాసినయి కాబట్టే ఆ సంగతి దేశానికి తెలిసింది. పత్రికకు ఆ బలముంది.

ఆ బలం పతకానికి ముందే కావాలి. మండల పోటీల ఫలితాలు పేర్లతో వెయ్యాలి. కోచ్ ఉన్నడా, మైదానంలో మరుగుదొడ్డి ఉందా, బస్సు ఛార్జీ ఎవరిస్తున్నరు అని అడగాలి. పేదరికాన్ని కన్నీటి కథ చేసి, కులాన్ని దాచిపెడితే అది మద్దతు కాదు. జిల్లా పేజీలో ఓడిన పిల్లకూ ఓ గీత చోటుంటే, రేపు ఆమె మళ్లీ మైదానానికొస్తది.