షాదీ రుఖా, రెండు లిపులు

మన ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం వైపు షాదీ రుఖా అంటే రెండు జబాన్‌లు. బుజుర్గుల కోసం ఉర్దూ, పిల్లలకీ ఇరుగుపొరుగు దోస్తులకీ తెలుగు. కాతిబ్ కలానికి ఇది ముష్కిల్ కాదు. కంప్యూటర్ వచ్చాకే ముసీబత్. ఉర్దూకి 1994లో వచ్చిన ఇన్‌పేజ్, తెలుగుకి అను ఫాంట్లు. ఇన్‌పేజ్‌లోని నూరీ నస్తాలీఖ్ మాషాఅల్లా చాలా ఖూబ్‌సూరత్. 1981 నాటికే మీర్జా అహ్మద్ జమీల్ వేల అక్షరాల జోడీలు చేత్తో రాసిపెట్టారు. కానీ ఒకదాని రాత ఇంకోదానికి అర్థం కాదు. రెండూ కొనాల్సినవే. కొన్నవాళ్ళెందరో అడక్కండి!

ఇలాజ్ దూరం నుంచి వచ్చింది. జర్మనీలో పుట్టిన స్టార్ ఆఫీస్‌ని సన్ కంపెనీ 1999లో కొని, 2000లో దాని సోర్స్ కోడ్ దునియాకి తెరిచింది. అదే ఓపెన్ ఆఫీస్. 2010లో అందులోంచి విడిపోయింది లిబ్రే ఆఫీస్. ఇందులో రాత యూనికోడ్‌లో ఉంటుంది గనక ఉర్దూ, తెలుగు ఒకే కాగితం మీద కూర్చుంటాయి. తెలుగుకి మండలి ఫాంటు, ఉర్దూకి నోటో నస్తాలీఖ్. అన్నీ ముఫ్త్.

ముఫ్త్ చిన్న సంగతి. అసల్ సంగతి ఇజాజత్. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అమెరికాలో మొదలుపెట్టిన తహ్రీక్ అడిగింది అదే: వాడుకునే, విప్పి చూసే, మార్చుకునే, పంచుకునే హక్కు. సిగ్నల్ సరిగా అందని అడవి అంచు ఊళ్ళకి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చినా చోరీ కాదు.

పాత ఇన్‌పేజ్‌లో కొట్టించిన ఖాందాన్ షజ్రా మీ ఇంట్లో ఉంటే, ఆ ప్రోగ్రాం నడుస్తుండగానే యూనికోడ్‌లోకి మార్చి పెట్టుకోండి. అను ఫైళ్ళకీ అంతే.