కొట్టివేతకూ ఒక సంతకం

వేంగి చాళుక్యులు ఒక ఊరిని దానమిస్తే ఆ సంగతి రాగిరేకుల మీద చెక్కించేవారు. ప్రతి రేకుకూ ఒక రంధ్రం ఉండేది. ఆ రంధ్రాల గుండా రాగి ఉంగరం దూర్చి, దాని రెండు కొసలనూ రాజముద్రతో కలిపి అతికేవారు. ముద్ర మీద వరాహం, 'శ్రీ త్రిభువనాంకుశ' అన్న బిరుదు. మధ్యలో ఒక రేకు తీసెయ్యాలన్నా, కొత్తది చేర్చాలన్నా ఉంగరం కోయక తప్పదు. కోస్తే ఆ కోత కనపడక మానదు. చరిత్రకారులు ఈ శాసనాలను వంశావళుల కోసమూ, పాత తెలుగు మాటల కోసమూ వెతికి చదివారు. దస్తావేజును దొంగచేతుల నుంచి ఎలా కాపాడుకున్నారో తెలుసుకోవడానికీ అవి అంతే పనికొస్తాయి.

కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలువల్లో ధాన్యం పడవలు తిరిగాయి, తర్వాత రైళ్లొచ్చాయి, బెజవాడ పెద్ద వర్తక కేంద్రమైంది. కొట్టులో యజమాని గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే గుమాస్తా చిట్టా ముందు కూర్చునేవాడు. ఏ రోజు పద్దు ఆ రోజే చిట్టాకెక్కాలి, అక్కణ్ణుంచి మనిషి పేరున ఆవర్జాలోకి వెళ్లాలి. పుస్తకంలో పేజీలకు ముందే నంబర్లు వేసి ఉంచేవారు, చింపితే తెలిసిపోయేలా. తప్పు పడితే గీకడం, చెరపడం కూడదు. పాత అంకె చదవడానికి వీలుగా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం పెట్టాలి. ప్రామిసరీ నోటులో మొత్తాన్ని అంకెల్లో వేసి, మళ్లీ 'అక్షరాలా' అంటూ మాటల్లో రాయాలి. వందకు ఒక సున్నా తగిలించి వెయ్యి చెయ్యడం తేలిక. మాటను అలా మార్చడం కష్టం. కింద దస్తూరి ఎవరిదో కూడా ఉండాలి. రాత్రి తలుపులు వేసేముందు పెట్టెలోని నగదు, చిట్టాలోని నిల్వ సరితూగాలి.

బ్యాంకులు ఇంకో అడుగు ముందుకేశాయి. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో బందరులో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు కానీ, మరొకటి కానీ, స్ట్రాంగ్ రూమును ఒక్కరి చేతికి వదిలే అలవాటు బ్యాంకింగ్‌లో లేదు. రెండు తాళంచెవులు ఇద్దరి దగ్గర ఉంటాయి, ఇద్దరూ వస్తేనే తలుపు తెరుచుకుంటుంది.

ఈ కట్టుబాట్లున్నా మోసాలు ఆగలేదు. పన్ను అధికారికి ఒక పుస్తకం, తమకు ఒక పుస్తకం రాసుకున్న కొట్లు ఎన్నో. కానీ మోసం చెయ్యాలంటే కష్టపడాల్సి వచ్చేది, చేసినవాడి చేతిరాత మిగిలిపోయేది. ఆ గుమాస్తాల పద్ధతిలో ఇదే గొప్ప సంగతి.

కంప్యూటర్ వచ్చాక ఆ జాడ పోయింది.

1986లో బెంగళూరులో శ్యామ్‌సుందర్ గోయెంకా, ఆయన కుమారుడు భరత్ గోయెంకా కలిసి మొదలుపెట్టిన సంస్థ నుంచి ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ పుట్టింది. అదే ఏడాది లాహోర్‌లో సాఫ్ట్‌వేర్ వ్యాపారం చేసే ఇద్దరు అన్నదమ్ములు రాసిన 'బ్రెయిన్' వైరస్ ఫ్లాపీల మీద ఎక్కి ప్రపంచమంతా తిరిగింది. 1998లో రాష్ట్ర రిజిస్ట్రేషన్ శాఖ 'కార్డ్' పథకంతో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలను కంప్యూటరీకరించింది. దస్తావేజును గుమాస్తా చేత్తో పుస్తకంలోకి ఎత్తి రాసే పని తగ్గింది, ఆస్తి మీద లావాదేవీలు చూపే ఈసీ కోసం రోజుల తరబడి తిరిగే బాధ తప్పింది. దాదాపు అదే కాలంలో విజయవాడ నగరపాలక సంస్థ 'వాయిస్' పేరుతో ఆస్తి పన్ను, నీటి పన్ను, జనన మరణ ధ్రువపత్రాల పనిని కంప్యూటర్‌కెక్కించింది. చిన్న కొట్లు మాత్రం ఇంకా చిట్టానే నమ్ముకున్నాయి. వాటిని కదిలించింది పన్ను చట్టం: 2005 ఏప్రిల్ 1న వ్యాట్, 2017 జులై 1న జీఎస్టీ.

జీఎస్టీకి యాభై రోజుల ముందు, 2017 మే 12న, వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ విరుచుకుపడింది. 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లలో ఫైళ్లకు తాళం వేసి, విప్పాలంటే 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ కట్టమంది. కృష్ణా, గుంటూరు సహా రాష్ట్రంలోని కొన్ని జిల్లాల పోలీసు కార్యాలయాల కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే విడుదల చేసింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు. దొంగ కాపీ విండోస్ వాడుతూ, ఎక్కడ పట్టుబడతామోనని అప్‌డేట్లు ఆపేసుకున్న కొట్లకు ఆ రక్షణ లేదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కూ మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి, ఆ ప్రమాదం ఇప్పుడు అసలు కాపీ కొన్నవాళ్లకూ పాకింది.

డెల్టాకు వైరస్ కంటే పాత శత్రువు నీళ్లు. 1864 నవంబర్ 1 తుపాను బందరును ముంచింది. 1977 నవంబర్ 19న ఉప్పెన దివిసీమను ఊడ్చేసి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ప్రాణాల ముందు కాగితాలు ఏపాటివి? కానీ బతికి బయటపడ్డవాళ్లు తమ పొలం తమదేనని, తమకు రావాల్సిన బాకీ ఇంతని చూపించుకోవడానికి ఆ కాగితాలే కావాలి. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరుకు గండ్లు పడి విజయవాడలోని సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. చిన్న కొట్టులో సీపీయూ నేల మీద, బల్ల కింద ఉంటుంది. బ్యాకప్ తీసిన పెన్‌డ్రైవ్ అదే బల్ల సొరుగులో ఉంటుంది. వరద గదిలోకొస్తే అసలు, నకలు కలిసి మునుగుతాయి. లెక్కలకు మూడు ప్రతులుండాలి, అవి రెండు రకాల సాధనాల్లో ఉండాలి, ఒకటి వేరే ఊళ్లోనో క్లౌడ్‌లోనో ఉండాలి అని భద్రతా నిపుణులు చెప్పే సూత్రం ఎక్కడివాళ్లకంటే ముందు ఇక్కడివాళ్లకు అవసరం. కంప్యూటర్‌కు ఎప్పుడూ తగిలించి ఉంచిన హార్డ్‌డిస్క్‌ను ప్రతిగా లెక్కవెయ్యకూడదు. వన్నాక్రై లాంటిది వస్తే దానికీ తాళం పడుతుంది.

2016లో యూపీఐ వచ్చాక మోసం గల్లాపెట్టె దాకా వచ్చింది. కొట్టువాళ్ల క్యూఆర్ మీద మోసగాడు తన క్యూఆర్ అతికించి పోతాడు. సరుకు పంపిన పార్టీ పేరుతో 'మా బ్యాంకు ఖాతా మారింది, ఈ నంబర్‌కు వెయ్యండి' అని మెయిల్ వస్తుంది. పాత గుమాస్తా అయితే ఆ పార్టీకి ట్రంకాల్ చేసి కనుక్కోనిదే పైసా కదిలించేవాడు కాదు. ఇప్పుడూ చెయ్యాల్సింది అదే: మెయిల్‌లో ఉన్న నంబర్‌కు కాకుండా, పాత బిల్లు మీది నంబర్‌కు ఫోన్ చెయ్యాలి. డబ్బు పోయినట్టు తెలిసిన క్షణంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెబితే, అది చేతులు మారకముందే ఖాతాలో ఆపే అవకాశం ఉంటుంది.

కొట్టివేతకు సంతకం పెట్టాలన్న ఆ పాత కట్టుబాటు కూడా చట్టరూపంలో తిరిగొచ్చింది. ఎవరు ఎప్పుడు ఏ పద్దు మార్చారో నమోదు చేసే, ఆ నమోదును ఆపడానికి వీల్లేని సాఫ్ట్‌వేర్‌లోనే కంపెనీలు లెక్కలు రాయాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. సొంత వ్యాపారాలకు, మామూలు భాగస్వామ్య సంస్థలకు అది వర్తించదు. వాటిలో మార్చి పద్దును సెప్టెంబర్‌లో చడీచప్పుడు లేకుండా మార్చెయ్యవచ్చు. ఒకే అకౌంటెంటు పూటకో కొట్టులో లెక్కలు రాసే చోట, అందరికీ ఒకే 'అడ్మిన్' పాస్‌వర్డ్ ఉన్న చోట, అది ఎవరి పనో తేలదు. ఎడిట్ లాగ్ ఉన్న ట్యాలీ మాత్రం ఎవరైనా తీసుకోవచ్చు. అది తమ కంప్యూటర్‌లో ఉందా, మనిషికో లాగిన్ ఇచ్చారా, అడ్మిన్ పాస్‌వర్డ్ ఇప్పుడు ఎవరెవరి దగ్గరుంది అన్నవి యజమాని తన అకౌంటెంటును ఈ వారమే అడగాల్సిన ప్రశ్నలు.