జాతీయ క్రీడా సమాఖ్య సస్పెండైతే ఆటగాళ్ల గతేంటి? అసలు ఈ సమాఖ్యలు ఏం చేస్తాయి?

2023 సెప్టెంబరులో సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో జరిగిన ప్రపంచ రెజ్లింగ్ చాంపియన్‌షిప్‌లో అంతిమ్ పంఘాల్ 53 కిలోల విభాగంలో కాంస్యం గెలిచింది. పారిస్ ఒలింపిక్స్ బెర్తు కూడా తెచ్చింది. కానీ ఆ పోటీల్లో మన రెజ్లర్లు త్రివర్ణ పతాకం కింద ఆడలేదు. భారత రెజ్లింగ్ సమాఖ్య సకాలంలో ఎన్నికలు జరపలేదంటూ అంతర్జాతీయ రెజ్లింగ్ సంస్థ ఆ ఏడాది ఆగస్టులో దాన్ని సస్పెండ్ చేయడమే కారణం. తప్పు సమాఖ్యది, జెండా పోయింది ఆటగాళ్లకు.

ఏమిటీ సమాఖ్య?

ఒక్కో ఆటకు ప్రపంచ స్థాయిలో ఒక సంస్థ ఉంటుంది. అది ఒక దేశం నుంచి ఒక్క సంఘాన్నే గుర్తిస్తుంది. అదే జాతీయ క్రీడా సమాఖ్య. దాని కింద రాష్ట్ర సంఘాలు, వాటి కింద జిల్లా సంఘాలు ఉంటాయి. ఇవి ప్రభుత్వ శాఖలు కావు. సభ్యులు ఎన్నుకున్న కార్యవర్గంతో నడిచే స్వతంత్ర సంఘాలు. ఒలింపిక్స్, ఆసియా క్రీడల వంటి వాటికి దేశ జట్టును పంపేది 1927లో ఏర్పడిన భారత ఒలింపిక్ సంఘం (ఐఓఏ).

ఆటగాళ్ల తరఫున ఏం చేస్తుంది?

• ఎంట్రీలు: ప్రపంచ చాంపియనైనా సొంతంగా పేరిచ్చుకోవడం కుదరదు. ఉదాహరణకు బ్యాడ్మింటన్‌లో అంతర్జాతీయ టోర్నీలకు ఎంట్రీలు జాతీయ సంఘం ద్వారానే వెళ్లాలి.

• ఎంపిక: ట్రయల్స్ పెట్టడం, జట్టును ప్రకటించడం దాని పనే. రెజ్లింగ్, షూటింగ్ వంటి ఆటల్లో ఒలింపిక్ కోటా సాధించింది ఎవరైనా అది దేశానికే చెందుతుంది. ఆ స్థానంలో ఎవరు వెళ్లాలో సమాఖ్య ఎంపిక విధానమే తేలుస్తుంది.

• శిక్షణ, పోటీలు: జాతీయ చాంపియన్‌షిప్‌లు, శిబిరాలు నిర్వహిస్తుంది. వీటి ఖర్చులో చాలావరకు కేంద్ర క్రీడా శాఖ ఇస్తుంది. పతకం ఆశలున్నవారికి 2014లో మొదలైన ‘టాప్స్’ పథకం కింద విడిగా సాయం అందుతుంది.

• ఓటు: ఆట నిబంధనలు మార్చే అంతర్జాతీయ సమావేశాల్లో దేశం తరఫున ఓటేసేదీ సమాఖ్యే.

ఎంపికలో అన్యాయం జరిగితే?

2019లో ఒలింపిక్ క్వాలిఫయర్స్‌కు ట్రయల్స్ లేకుండా మేరీకోమ్‌ను పంపాలని బాక్సింగ్ సమాఖ్య ఆలోచించింది. ట్రయల్స్ పెట్టాలంటూ నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ అప్పటి క్రీడా మంత్రి కిరణ్ రిజిజుకు లేఖ రాసింది. ఎంపికలో మంత్రి తలదూర్చకూడదని ఆయన బదులిచ్చారు. చివరకు డిసెంబరులో ట్రయల్స్ జరిగాయి. నిఖత్ 1-9తో ఓడింది. అయినా ఆమె అడిగింది పోటీపడే అవకాశమే. అది దక్కింది. తర్వాత 2022, 2023లో ఆమె ప్రపంచ చాంపియన్ అయింది.

ప్రభుత్వమే నడపొచ్చు కదా?

కుదరదు. క్రీడా సంఘాలు స్వతంత్రంగా ఉండాలని ఒలింపిక్ చార్టర్ చెబుతోంది. ఎన్నికలు చార్టర్ ప్రకారం జరగలేదని 2012 డిసెంబరులో ఐఓఏపై వేటు పడింది. దాంతో 2014 సోచి శీతాకాల ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో మనవాళ్లు ఒలింపిక్ జెండా వెనక నడిచారు. 2022 ఆగస్టులో ‘బయటివారి జోక్యం’ పేరుతో ఫిఫా భారత ఫుట్‌బాల్ సమాఖ్యను సస్పెండ్ చేసింది. పది రోజుల్లో ఎత్తేసినా, అప్పటికే తాష్కెంట్ చేరిన గోకులం కేరళ మహిళల జట్టు ఆసియా క్లబ్ టోర్నీ ఆడకుండానే తిరిగొచ్చింది. ప్రభుత్వం చేతిలో ఉన్నది రెండే: గుర్తింపు, నిధులు. వాటిని ఆపి దారికి తేవాలి తప్ప కుర్చీలో తాను కూర్చోకూడదు.

కొత్త చట్టం ఏం మారుస్తుంది?

2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పాలన చట్టాన్ని ఆమోదించింది. సమాఖ్యలను గుర్తించడానికి జాతీయ క్రీడా బోర్డు, వివాదాలకు ప్రత్యేక ట్రైబ్యునల్, ఎన్నికల పర్యవేక్షణకు ఒక ప్యానెల్ ఇందులో ఉన్నాయి. కార్యవర్గంలో 15 మందికి మించరాదు. వారిలో కనీసం నలుగురు మహిళలు, ఇద్దరు ప్రతిభావంతులైన క్రీడాకారులు ఉండాలి. బీసీసీఐ కూడా దీని పరిధిలోకి వస్తుంది. ఎంపిక వివాదాలతో ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగే ఆటగాడికి ట్రైబ్యునల్ ఎంత త్వరగా తీర్పిస్తుందన్నదే అసలు పరీక్ష.

మీ పిల్లలు ఆడుతుంటే...

ఒకే ఆట పేరుతో రెండు మూడు సంఘాలు కనిపించడం మామూలే. ఫీజు కట్టే ముందు ఆ జిల్లా సంఘానికి రాష్ట్ర సంఘం, దానికి జాతీయ సమాఖ్య గుర్తింపు ఉన్నాయో లేదో చూడండి. గుర్తింపు పొందిన సమాఖ్యల జాబితా కేంద్ర క్రీడా శాఖ వెబ్‌సైట్‌లో ఉంటుంది. స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి సర్టిఫికెట్‌పై ఎవరి సంతకం ఉందన్నది ముఖ్యం. గుర్తింపు లేని సంఘం ఇచ్చిన కాగితం గోడకు తగిలించుకోవడానికే పనికొస్తుంది.