ముకుతాడు తెగితే తప్పెవరిది?

అచ్చోసిన ఆంబోతు అనే మాటను మనమందరం తిట్టుగానే ఎరుగుదుము. బళ్లారిలో పుట్టినా, బరంపురంలో పుట్టినా, షోలాపూర్‌లో పెరిగినా, ఇంట్లో పెద్దలు విసుక్కున్నప్పుడు విని ఉంటాము. దేవుని పేర గాని, పితృకర్మలో గాని ముద్ర వేసి వదిలిన ఎద్దు అది. దానికి యజమాని లేడు, కాపరి లేడు. ఎవరి చేలో పడినా అడిగే దిక్కు లేదు. ఈ తిట్టు వెనుక పాత న్యాయప్రశ్న ఒకటి ఉంది. పశువు కీడు చేస్తే జవాబు చెప్పవలసినది ఎవరు? తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్న ఇరుగుపొరుగు ప్రాంతాల చరిత్రలో దీనికి మూడు సమాధానాలు కనిపిస్తాయి.

మొదటిది కర్ణాటక నుండి వచ్చింది. నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణం నాడు చాళుక్యుల రాజధాని కల్యాణి. ఆరవ విక్రమాదిత్యుని కాలంలో (1076–1126) విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రచించాడు. 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన దానిని ‘విజ్ఞానేశ్వరీయము’ పేరుతో తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. కొమ్ములో కోరలో ఉన్న జంతువు మనిషి మీద పడినప్పుడు, విడిపించే శక్తి ఉండి కూడా యజమాని ఊరకుంటే ప్రథమ సాహసం, అనగా 270 పణాలు, దండుగ అని స్మృతి విధించింది. బాధితుడు కేకలు వేసినా కదలకపోతే దండుగ రెట్టింపు. “తప్పుకో” అని ముందే హెచ్చరించిన వానికి దోషం లేదు. బండి ఎద్దు ముకుతాడు తెగినా, కాడి విరిగినా యజమాని దోషి కాడు. పైరు మేసిన గేదెకు 8 మాషాలు, ఆవుకు 4, మేకకు గొర్రెకు 2 చొప్పున దండుగ. ఆంబోతును, మొక్కుగా వదిలిన పశువును, కొత్తగా ఈనిన ఆవును మాత్రం వదిలిపెట్టాలి. స్మృతి శిక్షించినది పశువు చేసిన పనిని కాదు, మనిషి చేయని పనిని.

రెండవది ఇంగ్లీషువారి కాలపు శాసనం. చెన్నపట్నం చుట్టుపట్ల తమిళ జిల్లాలకు, 1936లో ఒరిస్సాలో చేరేవరకు మద్రాసు రాజధానిలో ఉన్న గంజాముకు, బొంబాయి రాజధానిలోని షోలాపూర్‌కు 1860 నాటి శిక్షాస్మృతి ఒక్కటే. తన అధీనంలోని జంతువు వల్ల ప్రాణాపాయమో తీవ్ర గాయమో కలగకుండా తగిన కట్టుదిట్టం చేయడంలో తెలిసి గాని, అజాగ్రత్త వల్ల గాని తప్పిన వానికి ఆరు నెలల వరకు ఖైదు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అని 289వ సెక్షను చెప్పింది. స్మృతి పశువు మీద పడినప్పటి ప్రవర్తనను చూసింది. ఈ సెక్షను అంతకు ముందరి జాగ్రత్తను చూసింది. ఇక పంటల మాటకు వస్తే, 1871 చట్టం మన బందెలదొడ్డికి వ్రాతపూర్వకమైన పద్ధతి ఏర్పరచింది. చేలో పట్టిన పశువును 24 గంటలలో దొడ్డికి తోలాలి. ఏడు రోజులలో ఎవరూ రాకపోతే టముకు వేయించాలి. మరో ఏడు రోజులకూ రాకపోతే వేలం.

మూడవది యానాముది. ఫ్రాన్సులో 1804లో వెలువడిన పౌరస్మృతి 1819లో ఫ్రెంచి స్థావరాలకు వచ్చింది. యానాములో ఫ్రెంచి పాలన 1954 వరకు సాగింది. ఆ స్మృతి 1385వ అధికరణం ప్రకారం జంతువు అదుపులో ఉన్నా, తప్పిపోయినా, కట్టు తెంచుకుపోయినా, అది చేసిన నష్టానికి దాని యజమాని గాని, దానిని వాడుకుంటున్నవాడు గాని బాధ్యుడు. కల్యాణిలో తెగిన ముకుతాడు యజమానిని కాపాడింది, యానాములో కాపాడలేదు. దండుగ రాజుకు, జరిమానా సర్కారుకు చేరేవి. ఫ్రెంచి న్యాయంలో పరిహారం దెబ్బ తిన్నవానికే చేరవలసినది. మూడింటిలో ఈ భేదమే ముఖ్యమైనదని మేము భావిస్తున్నాము.

2024 జులై 1 నుండి 289వ సెక్షను స్థానంలో భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను వచ్చింది. జరిమానా పరిమితి ఐదువేలకు పెరిగింది, ఖైదు కాలం మారలేదు. నేటికీ అది జంతువును తన అధీనంలో ఉంచుకున్నవానినే అడుగుతుంది. ఎవరి అధీనంలోనూ లేని వీధి పశువు పొడిచినవాడు ఎవరిని అడగాలి? స్మృతి ఆంబోతును వదిలినచోటనే మనమూ నిలిచి ఉన్నాము. మీ ఊరి బందెలదొడ్డి ఎక్కడ ఉండేదో, దానిని ఎవరు నడిపేవారో ఇంటి పెద్దలను అడిగి వ్రాసిపెట్టుకోండి. ఈ చరిత్రలో శాసనాలు చెప్పని భాగం వారి దగ్గరే ఉంది.