సముద్రగర్భ పైపులైన్ల తనిఖీ: ఏ సంస్థ బాధ్యత ఎంతవరకు?

(నేపథ్య వ్యాసం)

కృష్ణా-గోదావరి బేసిన్‌లో సముద్రగర్భం నుండి వెలికితీస్తున్న చమురు, సహజవాయువులు పైపులైన్ల ద్వారా ఆంధ్రప్రదేశ్ తీరానికి చేరుతున్నాయి. కేజీ-డీ6 వాయువు కాకినాడ సమీపంలోని గాడిమొగకు, ఓఎన్‌జీసీ సముద్ర క్షేత్రాల వాయువు కోనసీమలోని ఓడలరేవుకు, రవ్వ క్షేత్రపు ఉత్పత్తి ఎస్.యానాంకు వస్తాయి. వాయువు ప్రయాణించే దారి ఒకటే అయినా, దానిని పర్యవేక్షించే సంస్థలు అనేకం. అందువల్ల ఒక సంస్థ తనిఖీలో తేలిన అంశం తదుపరి సంస్థకు సకాలంలో అందడం అత్యంత కీలకం.

సముద్రంలో: పైపులైనును సక్రమంగా నిర్వహించి, క్రమం తప్పక పరీక్షించే ప్రాథమిక బాధ్యత నిర్వాహక కంపెనీదే. 1986లో ఏర్పాటైన చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్‌ను, సముద్ర కార్యకలాపాల భద్రతపై 2008లో రూపొందించిన నియమావళి కింద కేంద్ర ప్రభుత్వం సమర్థాధికార సంస్థగా ప్రకటించింది. సముద్రంలో చమురు ఒలికిన పక్షంలో చర్యలను సమన్వయపరిచే బాధ్యత భారత తీరరక్షక దళానిది. జాతీయ ప్రణాళిక ప్రకారం 700 టన్నుల వరకు ఒలికినప్పుడు తొలి స్పందన స్థానిక నిర్వాహక సంస్థలు చేపట్టవలసి ఉంటుంది.

తీరం దాటిన పిదప: చమురు బావుల భద్రతను గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ పర్యవేక్షిస్తుంది. గాడిమొగ నుండి గుజరాత్‌లోని భరూచ్ వరకు సాగే ఈస్ట్-వెస్ట్ పైపులైను వంటి రవాణా మార్గాలకు భద్రతా ప్రమాణాలను, 2006 చట్టం కింద ఏర్పడిన పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ మండలి నిర్దేశిస్తుంది. పైపులైను సాగే భూమిపై కట్టడాలు, తవ్వకాలు 1962 చట్టం ప్రకారం నిషిద్ధం. అత్యవసర వేళల్లో జిల్లా కలెక్టరు అధ్యక్షతన గల విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ పోలీసు, అగ్నిమాపక, రెవెన్యూ, మత్స్య శాఖలను సమన్వయపరుస్తుంది.

తనిఖీ విధానం: పైపు లోపల తుప్పును, గోడ మందం తగ్గుదలను కనుగొనేందుకు 'పిగ్' అనే పరికరాన్ని పైపులోకి పంపుతారు. వెలుపలి భాగాన్ని దూరనియంత్రిత జలాంతర యంత్రాలతో చిత్రీకరిస్తారు. అలల ఉరవడికి అడుగున ఇసుక కొట్టుకుపోయి పైపు గాలిలో తేలినట్లు వేలాడుతున్నదా, లంగర్ల వలన గాని, వలల వలన గాని దెబ్బతిన్నదా అన్నది పరిశీలిస్తారు. పైపులు ఉన్న చోట్లను మత్స్యకారులకు ముందుగా తెలియజేయడం ఇటు వారి వలలకు, అటు పైపులకు రక్ష.

నగరం దుర్ఘటన: 2014 జూన్ 27న నాటి తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి 20 మందికి పైగా మరణించారు. అది భూమిపై గల పైపులైను. వాయువును ఉత్పత్తి చేసినది ఒక సంస్థ, రవాణా చేసినది మరొక సంస్థ. వాయువుతోపాటు నీరు, ఇతర ద్రవాలు చేరడంతో పైపు లోపలి నుండి తుప్పు పట్టినట్లు విచారణలో తేలింది. పైపులోకి ప్రవేశించే వాయువు నాణ్యత, దానిని మోసే పైపు స్థితి అనే రెండింటినీ కలిపి చూడవలసిన ఆవశ్యకతను ఈ దుర్ఘటన స్పష్టం చేసింది. సముద్రపు పైపులకూ ఇదే వర్తిస్తుంది.

పాత్రికేయులకు, అధికారులకు: లీకేజీ సమాచారం అందినపుడు ముందుగా అది టెర్మినల్‌కు ఇవతలనా, అవతలనా అన్నది నిర్ధారించుకోవాలి. ఆ పైపు యజమాని ఎవరు, చివరిసారి లోపలి తనిఖీ ఎప్పుడు జరిగింది, అందులో గుర్తించిన లోపాలను ఎవరికి తెలియజేశారు, వాటిని సవరించారా అన్న వివరాలు సేకరించినట్లయితే బాధ్యత ఎవరిదో తేటతెల్లమవుతుంది.