పెట్రోలు పోసేవారూ, కాలినడకన పోయేవారూ

పెట్రోలు పోయించుకొచ్చిన రోజున మావారికి రోడ్డంతా సొంత జాగాలా కనిపిస్తుంది. "ఇంత పన్ను కడుతున్నాం, ఈ జనం అడ్డమేమిటి!" అంటారు. ఈ మాట ఆయన కనిపెట్టింది కాదు లెండి. దీనికి వందేళ్లు దాటిన చరిత్ర ఉంది.

1909లో బ్రిటన్ ఆర్థికమంత్రి లాయిడ్ జార్జ్ పెట్రోలు మీద గాలనుకి మూడు పెన్నీల పన్ను వేశాడు. ఆ సొమ్ము రోడ్ల బాగుకే అన్నాడు. అప్పట్లో కారంటే శ్రీమంతుల సరదా. అది లేపే దుమ్ము మాత్రం దారి పక్క ఇళ్లవాళ్ల పాలు. ఆరేసిన బట్టలు మళ్లీ ఉతుక్కోవాలి! ఆ ఇల్లాళ్ల అవస్థ మనకి వేరే చెప్పాలా? 1910లో ఏర్పడిన రోడ్ బోర్డు ఆ డబ్బులో చాలావరకు రోడ్డు పైభాగం బాగుచేయడానికీ, తారు పూయించడానికీ ఖర్చుపెట్టింది. కార్లవాళ్ల సొమ్ముతో నడిచేవాళ్లకి దక్కిన మొదటి మేలు ఈ నల్లతారేననిపిస్తుంది నాకు.

దుమ్ము తగ్గింది, వేగం పెరిగింది. రోడ్డు మాదేనన్న ధీమా కూడా పెరిగింది. 1926లో చర్చిల్ ఆ నిధిలోంచి కొంత తీసి ఖజానాలో కలిపేస్తే కార్లవాళ్లు లబలబలాడారు. మరి పోయిన ప్రాణాల పద్దో? 1934లో ఒక్క ఏడాదిలోనే అక్కడి రోడ్ల మీద 7,343 మంది చనిపోయారు. వాళ్లలో ఇంచుమించు సగంమంది కాలినడకవాళ్లు! ఆ ఏడే రవాణామంత్రి అయిన హోర్ బెలీషా, జనం రోడ్డు దాటే చోట నలుపు తెలుపు పట్టీల స్తంభాలూ, వాటి మీద నారింజరంగు గాజుబుడ్లూ పెట్టించాడు. ఆకతాయి పిల్లలు వాటిని రాళ్లతో పగలగొట్టేవారట, అది వేరే సంగతి.

మన దేశంలో ఈ పద్ధతి జయకర్ కమిటీ సిఫారసుతో వచ్చింది. 1929లో గాలను పెట్రోలుకి రెండణాలు అదనంగా వేసి, కేంద్ర రోడ్డు నిధి పెట్టారు. 2000లో దానికి పార్లమెంటు చట్టం చేసింది. అప్పటి పంపకాల్లో పల్లెరోడ్లకి వాటా ఉంది, జాతీయ రహదారులకి ఉంది, రైలుగేట్ల దగ్గర వంతెనలకీ ఉంది. కాలిబాటకంటూ పేరుపెట్టి రాసిన వాటా లేదు!

అడ్డంకుల్లేని కాలిబాట జీవించే హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లల చెయ్యి పట్టుకుని బడికీ, సంచీతో కూరలబజారుకీ నడిచేది ఎక్కువగా మనమే కదా. లీటరు పెట్రోలు మీద వచ్చే పన్నులో ఆ బాటకని ఎన్ని పైసలు రాస్తారో, వచ్చే బడ్జెట్టు నాడు అడగాలనుంది నాకు.